తాత చెప్పిన ఆకు ఎవరిది?

కొన్నేళ్ల కిందట నేను ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు మండల స్థాయి సైన్స్ ఫేర్ వచ్చింది. అన్ని బడుల పిల్లలూ థర్మాకోల్‌తో అగ్నిపర్వతాలు, సౌరకుటుంబాలు చేస్తున్నారు. మన పిల్లలకు తెలిసినదే చూపిద్దామనుకున్నాను. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ఊళ్లో వాడే మందు మొక్కల గురించి పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మని చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నోట్‌బుక్ నిండా రాసుకొచ్చింది. వాళ్ల తాత చుట్టుపక్కల ఊళ్లకు దిసారి. ముహూర్తాలూ చెప్తాడు, పసరు మందులూ ఇస్తాడు. విరిగిన ఎముకకు ఆయన కట్టే కట్టు కోసం పక్క మండలం నుంచి కూడా మనుషులను మోసుకొస్తారు. ఆ కట్టుకు వాడే ఆకు ఏది, దానితో కలిపే చెక్క ఏది, ఎన్నాళ్లకు విప్పాలి, అన్నీ ఆ పిల్ల రాసింది. ఆకును ఎండబెట్టి చార్టుకు అంటించింది. రెండో బహుమతి వచ్చింది. గైడ్ టీచర్‌నని నాకూ ఒక సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ రోజు చార్టును చాలామంది ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. మనవాళ్ల విద్యకు ఇన్నాళ్లకు గౌరవం వచ్చిందని నేను పొంగిపోయాను. రెండేళ్ల తర్వాత ఒక సంస్థ అచ్చువేసిన చిన్న పుస్తకం నా చేతికొచ్చింది. అందులో మా కట్టు ఉంది. ఆ ఆకుకు మా ఊళ్లో మాత్రమే ఉన్న పేరును ఆ పిల్ల ఒక అక్షరం తప్పు రాసింది, ఆ తప్పు కూడా అలాగే ఉంది. 'సేకరణ' అని ఒక పేరుంది. అది పిల్ల పేరు కాదు, తాత పేరూ కాదు.

పుస్తకం పట్టుకుని తాత దగ్గరికి వెళ్లాను. ఆయనకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. చుట్ట ఆరిపోయేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆకు కోసేముందు నేను కొండని అడుగుతాను మాస్టరూ. ఆళ్లు నన్ను అడగలేదు. నువ్వూ అడగలేదు. పిల్లని పంపించావు."

ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. జవాబు వెతుక్కుంటూ చదివినవీ, ఆలోచించినవీ తోటి ఉపాధ్యాయులకూ, చదువుకుంటున్న మన పిల్లలకూ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఎదుటివాళ్ల వాదన చెప్పుకోవాలి. అది తీసిపారేసే వాదన కాదు. నాతో పనిచేసిన ఒక మాస్టారు అన్నాడు: "మీ మేకను ఎవరైనా తోలుకుపోతే మీకు మేక ఉండదు. మీ మందు ఎవరైనా నేర్చుకుంటే మీ మందు మీ దగ్గరే ఉంటుంది. మరి పోయిందేమిటి? పైగా నలుగురి ఎముకలు అతుక్కుంటాయి కదా." మా తాతలు మందును అమ్ముకోలేదు. డబ్బు తీసుకుంటే మందు పట్టదని మావాళ్ల నమ్మకం. కోడో, కొబ్బరికాయో, సీసా సారాయో తెచ్చినవాడు తెస్తాడు, లేనివాడు ఒట్టి చేతులతో వస్తాడు, కట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే. అలాంటి వాళ్ల తరఫున నిలబడి 'ఇది మా ఆస్తి, ఎవరూ ముట్టుకోకండి' అనడం నాకే వింతగా ఉంటుంది. చట్టం భాషలో హక్కు అంటే పక్కవాణ్ణి ఆపగలగడం. రోగిని ఆపే హక్కు మనకెందుకు?

కానీ ఆపేవాడు వేరేచోట పుడుతున్నాడు. పసుపు కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద పేటెంట్ ఇచ్చారు. కనిపెట్టామన్న ఇద్దరూ భారతీయ సంతతి పరిశోధకులే. మన సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఇక్కడిదాకా పాఠ్యపుస్తకంలోనూ చెప్పుకోవచ్చు. నన్ను ఆపేసింది తర్వాతి సంగతి. అప్పటి అమెరికా చట్టం ప్రకారం బయటి దేశంలో జనం వాడుతున్నారన్నది సాక్ష్యం కాదు, అది అచ్చులో ఉండాలి. పాడేరు సంతలో పసుపు అమ్మే ముసలమ్మలందరూ వరుసలో నిలబడి, కాలికి దెబ్బ తగిలితే మేం పుట్టినప్పటి నుంచీ ఇదే పెడుతున్నాం అని చెప్పినా చెల్లదు. సంస్కృత గ్రంథాలూ, పాత వైద్య పత్రికలూ వెతికి ముప్పైకి పైగా కాగితాలు చూపిస్తేనే చెల్లింది. అంటే ఆ రోజు పసుపును కాపాడింది దాన్ని వాడినవాళ్లు కాదు, దాని గురించి రాసినవాళ్లు.

అయితే రాసుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ప్రభుత్వానికీ అలాగే అనిపించింది. 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ పని మొదలైంది. ఆయుర్వేదం, యునాని, సిద్ధ గ్రంథాల్లోని మందులను విదేశీ భాషల్లోకి మార్చి, పేటెంట్ కార్యాలయాల వాళ్లు చూసుకునేలా పెట్టారు. మంచి పనే, చాలా దరఖాస్తులు దానివల్ల ఆగాయి. 2022లో కేంద్ర మంత్రివర్గం దాన్ని ఇతర వాడకందార్లకూ తెరవడానికి ఒప్పుకుంది. కానీ అది గ్రంథాల లైబ్రరీ. మా తాత కట్టుకు గ్రంథం లేదు. ఆయన గ్రంథం ఆయన చేతివేళ్లలో ఉంది.

ఇక మనలాంటివాళ్ల విషయంలో ఏం జరిగిందో చూడాలంటే కేరళ వెళ్లాలి. ఈ కథను కొంచెం నిదానంగా చెప్తాను. మేలు చేయాలనుకున్నవాళ్ల చేతిలో కూడా విషయం ఎంత చిక్కుపడుతుందో ఇందులో కనిపిస్తుంది.

తిరువనంతపురం పైన అగస్త్యమలై కొండల్లో కాణి తెగవాళ్లు ఉంటారు. 1987 డిసెంబరులో డాక్టర్ పుష్పాంగదన్ నాయకత్వంలో శాస్త్రవేత్తల బృందం ఒకటి ఆ అడవికి వెళ్లింది. దారి చూపించడానికి కాణి యువకులు తోడు వచ్చారు. ఎక్కి ఎక్కి శాస్త్రవేత్తలు అలసిపోయారు. దారి చూపించేవాళ్లు మాత్రం ఏదో చిన్న కాయ నములుతూ హుషారుగా నడుస్తున్నారు. అదేమిటని అడిగితే ముందు చెప్పలేదు, బయటివాళ్లకు చెప్పకూడదన్నారు. బతిమాలితే చివరికి చూపించారు. దాని పేరు ఆరోగ్యపచ్చ. తర్వాత తిరువనంతపురం దగ్గరి పాలోడులో ఉన్న వృక్షోద్యాన పరిశోధన సంస్థలో దాని మీద పరిశోధన జరిగింది. ఆరోగ్యపచ్చ ఆకుకు అశ్వగంధ, పిప్పళ్లు, విష్ణుక్రాంత కలిపి 'జీవని' అనే మందు చేశారు. దాన్ని తయారుచేసే అనుమతిని కోయంబత్తూరులోని ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయల రుసుముకు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీకి ఇచ్చారు. వచ్చినదాంట్లో సగం కాణీలకు ఇవ్వాలని సంస్థే నిర్ణయించింది. అప్పటికి మన దేశంలో అలా ఇవ్వాలన్న చట్టం లేదు. ఎవరూ అడగకుండానే ఇస్తామన్నారు. 1997లో కాణీల పేరుతో ఒక ట్రస్టు నమోదైంది. 1999లో సుమారు 5 లక్షల రూపాయలు దాని ఖాతాకు చేరాయి. ప్రపంచమంతా దీన్ని ఆదర్శంగా చెప్పుకుంది.

కొండ మీద మాత్రం రకరకాల మాటలు వినిపించాయి. కాణీల్లో వైద్యం చేసేవాళ్లను ప్లాతి అంటారు. తెగ విద్యను ప్రైవేటు కంపెనీకి అమ్మడం తప్పని కాణి పెద్దలు కొందరు 1995లోనే ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. రహస్యం చెప్పింది అడవిలో దారి చూపిన యువకులు. ఆ రహస్యాన్ని కాపాడే బాధ్యత ప్లాతులది. ఒకరు చెప్పినదానికి ఇంకొకరి సమ్మతి ఉన్నట్టా? కాణీలు ఒక్క పంచాయతీలో లేరు. ఒక పంచాయతీ వాళ్లతో ఎక్కువ మాట్లాడారని మిగతావాళ్లకు బాధ. అడవిలో ఆ మొక్కను మొదలంటా పీకేస్తారని అటవీశాఖ భయపడి ఆంక్షలు పెట్టింది. చివరికి కాణీలే ఆకు పెంచి అమ్ముకోవడం కష్టమైంది, కంపెనీకి ఆకు దొరకడమూ కష్టమైంది. ఈ గొడవ ఇలా ఉండగా అమెరికాలో ఒక కంపెనీ 'జీవని' పేరును తన ట్రేడ్‌మార్క్‌గా రాయించుకుంది.

కాణీలను చూసి నేను రెండు విషయాలు తెలుసుకున్నాను. ఒకటి, డబ్బు పంచడం, అడగడం ఒకటి కాదు. పంచడానికి ఖాతా నంబరు చాలు, అడగడానికి ఎవర్ని అడగాలో తెలియాలి. రెండోది కాస్త ఇబ్బందిగా ఉంటుంది. 'మనం' అన్నప్పుడు అందులో ఎవరెవరున్నారో మనకే సరిగా తెలియదు. మా తాత విద్య ఆయన సొంతమా? ఆయనకు వాళ్ల మేనమామ నేర్పాడు. ఆ ఆకు మూడు ఊళ్ల దిసారులకు తెలుసు. పురుడు పోసే మంత్రసానులకు తెలిసిన ఆకుల మాట ఎవరూ ఎత్తరు, వాళ్లను దిసారులని ఎవరూ పిలవరు కాబట్టి. బయటివాడు దోచాడని అనేముందు, మనలోనే ఎవరి నోరు లెక్కలోకి వచ్చింది, ఎవరిది రాలేదు అన్నది చూసుకోవాలి.

ఇప్పుడు చట్టం సంగతి. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ ఊరి మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన విషయాలు ఒక రిజిస్టరులో ఎక్కించాలి. కంపెనీలు వాడుకుంటే లాభంలో వాటా ఇవ్వాలి. కాగితం మీద ఇది మన కోసం రాసినట్టే ఉంటుంది. ఏళ్లు గడిచినా రిజిస్టర్లు పూర్తికాకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి ఆఖరుకు పూర్తిచేయాలని గడువు పెట్టింది. గడువు ముంచుకొస్తే రికార్డులు ఎలా తయారవుతాయో ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ చట్టాన్ని 2023లో సవరించారు, సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గుర్తింపు పొందిన ఆయుష్ వైద్యులకూ, 'గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానం' వాడుకునేవాళ్లకూ వాటా ఇచ్చే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. గ్రంథస్థం అంటే ఔషధాల చట్టం జాబితాలో చేర్చిన ప్రామాణిక గ్రంథాల్లో ఉన్నది. వినడానికి ఇందులో తప్పేమీ కనపడదు, వేల ఏళ్ల నాటి పుస్తకంలో ఉన్నదానికి ఇప్పుడు ఎవరికి వాటా ఇస్తారు? కానీ ఒక్క నిమిషం ఆగండి. కరక్కాయ పుస్తకంలో ఉంది, పిప్పళ్లు పుస్తకంలో ఉన్నాయి, నేలవేమూ ఉంది. ఆ పుస్తకం రాసినాయన అడవిలో తిరిగి ప్రతి ఆకూ తానే నమిలి చూశాడా? అడవిలో ఉండేవాళ్లను అడిగే ఉంటాడు. ఆ పాత గ్రంథాల్లోనే, మందు మొక్కలను పసులకాపర్లనూ అడవిలో తిరిగేవాళ్లనూ అడిగి తెలుసుకోమని ఉందని పెద్దలు చెప్తారు. అడిగినవాడి పుస్తకం ప్రమాణమైంది, చెప్పినవాడి నోరు ప్రమాణం కాలేదు. ఆ రోజు రాసుకున్నందుకు ఈ రోజు వాటా ఇవ్వక్కర్లేదు. పసుపు విషయంలో రాత కాపాడింది, ఇక్కడ అదే రాత మనల్ని పక్కకు నెట్టింది. రాయాలా వద్దా అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు దొరకనిది ఇందుకే.

2024 మే 24న జెనీవాలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ సభ్యదేశాలు ఒక ఒప్పందాన్ని ఆమోదించాయి. ఇరవై ఏళ్లకు పైగా మాట్లాడుకుని చేసిన ఒప్పందం అది. మొక్కల వంటి జన్యు వనరుల ఆధారంగా కనిపెట్టినదానికి పేటెంట్ అడిగేవాడు ఆ వనరు ఏ దేశానిదో చెప్పాలి. ఆదివాసుల, స్థానిక జనాల విద్య మీద ఆధారపడితే ఏ జనం చెప్పారో ఆ పేరు రాయాలి. 15 దేశాలు ఆమోదపత్రాలు ఇచ్చాక గానీ అది అమల్లోకి రాదు. చెప్పకపోయినంత మాత్రాన పేటెంట్ పోదు, మోసం చేసే ఉద్దేశంతో దాచాడని తేలితేనే దేశాలు అంతకు మించిన శిక్ష వేయొచ్చు. కొందరు దీన్ని పెద్ద విజయం అన్నారు. నేను కూడా కాదనను. మా జనం పేరు పేటెంట్ కాగితం మీద కనిపించడం చిన్న విషయం కాదు. కానీ తాత మాటతో కొలిస్తే ఇది సగం దగ్గరే ఆగింది. 'వీళ్లు చెప్పారు' అని రాయమంది, 'వీళ్లను అడిగావా' అన్నది ఆయా దేశాల చట్టాలకు వదిలేసింది.

అరకు కాఫీ మాట కూడా చెప్పాలి, పిల్లలు దాన్నే ఉదాహరణగా రాస్తుంటారు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు చేసింది కాఫీ బోర్డు. పండించే మనవాళ్ల కష్టానికి విలువ పెరిగితే సంతోషమే. ఒక్క విషయం గమనించండి. కాఫీ మన తాతల పంట కాదు, బయటి నుంచి వచ్చిన మొక్క. బయటి నుంచి వచ్చినదానికి మన కొండ పేరుతో రక్షణ దొరికింది. కొండలోనే పుట్టిన విద్యకు దొరకలేదు. మార్కెట్ ఉన్నచోటికే చట్టం ముందు నడుస్తుందేమో.

మళ్లీ నా స్నేహితుడి ప్రశ్నకు వస్తాను: మందు మీ దగ్గరే ఉండగా పోయిందేమిటి? మా ఊళ్లలో కొత్తల పండగలుంటాయి. మామిడి కొత్త చేసేదాకా కొత్త మామిడికాయ తినరు. కొర్ర కొత్త చేసేదాకా కొత్త కొర్రలు వండరు. చెట్టు నాదే అయినా, చేను నాదే అయినా అంతే. చిన్నప్పుడు దీన్ని నేను మూఢనమ్మకం అనుకున్నాను, ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఇంకా గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు దాన్ని వేరేలా చూస్తున్నాను. నాది అయినదాన్ని కూడా అడిగి తీసుకోవాలన్నది ఆ కట్టుబాటు. కాయ లేతగా ఉండగానే అందరూ దులిపేయకుండా చెట్టుకు కొంచెం వ్యవధి దొరుకుతుంది. ఊరంతా ఒకే రోజు మొదలుపెడతారు, పేదవాడు వెనకబడడు. ఆ అడగడం వెనక చెట్టు ఉంది, పక్కింటివాడున్నాడు, రేపటి సంవత్సరం ఉంది. అడగకుండా తీసుకున్నప్పుడు ఆకు పోదు నిజమే. ఎంత కోయాలి, ఎప్పుడు కోయాలి, ఎవరికి ఇవ్వాలి అని ఆకు చుట్టూ ఉన్న కట్టుబాటు పోతుంది. మారేడు గడ్డలకు బయట గిరాకీ వచ్చాక ఏం జరిగిందో మీ ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. మా నాన్న కొంచెం తవ్వుకుని మిగతా వేరును మట్టి కప్పి వచ్చేవాడు. బస్తాల లెక్కన కొనేవాడు వచ్చాక మట్టి కప్పేవాడు లేడు. విద్య బయటికి వెళ్లింది. దానితో పాటు వెళ్లాల్సిన నియమం వెళ్లలేదు.

రహస్యంగా దాచుకోవడమే మేలని నేను అనడం లేదు. దాచిన విద్య దాచినవాడితోనే కాటికి పోయిన ఇళ్లు నాకు తెలుసు. కొడుకులు విశాఖలో సెంట్రింగ్ పనికి వెళ్లారు, వినేవాడు లేడు. కట్టు విఫలమైనప్పుడు ఆస్పత్రికి పంపకుండా పట్టుకున్న దిసారులూ నాకు తెలుసు. చెయ్యి వంకరగా అతుక్కున్న పిల్లాడు నా తరగతిలోనే చదివాడు. మన విద్య అయినంత మాత్రాన పరీక్షకు నిలబడక్కర్లేదని నేను ఒప్పుకోను. పరీక్షించండి, కానీ పరీక్షించేవాడు అడిగి రావాలి, ఏం తేలిందో తిరిగి వచ్చి చెప్పాలి.

బడిలో ఇప్పుడు నేను చేస్తున్నది ఇంతే. మొక్కల ప్రాజెక్టు మానలేదు. పిల్లలను పంపేముందు నేనే ఆ ఇళ్లకు వెళ్తున్నాను. ఎందుకు రాస్తున్నామో, ఎవరెవరు చూస్తారో చెప్తున్నాను. దగ్గుకు తులసి లాంటి అందరికీ తెలిసినవి రాస్తాం. పెద్దవాళ్లు వద్దన్నది రాయం, మొక్క దొరికే చోటు అసలే రాయం. పేజీ పైన చెప్పినవాళ్ల పేరు ఉంటుంది. నోట్‌బుక్ బడి బీరువాలో పెట్టం, ఆ ఇంటికే ఇచ్చేస్తాం. ఫేర్‌లో ఫొటోలు తీయవద్దని చార్టు కింద రాయిస్తే ఒక అధికారి నవ్వాడు. నవ్వనివ్వండి.

తాత పోయిన ఏడు కాలం చేశాడు. ఆ పాత నోట్‌బుక్ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మనవరాలు ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. "మాస్టారూ, కట్టు గురించి సరిగ్గా రాద్దాం, లేకపోతే పోతుంది" అంటోంది. తాత కొడుకులు "మాకు తెలీదు, నీ ఇష్టం" అన్నారు. నా ఇష్టం ఎలా అవుతుంది? ఆ ఆకు తెలిసిన దిసారులు ఇంకో రెండు ఊళ్లలో ఉన్నారు. ఇటుకల పండక్కి చుట్టరికాలన్నీ కలుస్తాయి కాబట్టి, ఆ రోజు నోట్‌బుక్ తీసుకెళ్లి అందరి ముందూ చదివి వినిపించాలనుకుంటున్నాను. మంత్రసాని ముసలమ్మను కూడా కూర్చోబెట్టాలని ఆ పిల్ల పట్టుబట్టింది. వాళ్లు చింపేయమంటే అక్కడే చింపేస్తాను.